ఆరిన్ పెల్కీ ఎటువైపు?

ఆరిన్ పెల్కీ ఏ పార్టీవాడో మా హార్లోలో ఎవరినడిగినా తడుముకోకుండా చెప్పేవారు. చిక్కల్లా ఒక్కటే. సగం మంది ఒక పార్టీ పేరు చెప్పేవారు, మిగతా సగం రెండో పార్టీ పేరు చెప్పేవారు. నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి గుమస్తాని. ఓటర్ల జాబితా నా బీరువాలోనే ఉంటుంది. మా వెర్మాంట్ రాష్ట్రంలో ఆ జాబితాలో పార్టీ పేరు రాయరు కాబట్టి నా దగ్గరికొచ్చి ఆరా తీసినా లాభం లేదు. అయినా ఎవరో ఒకరు వచ్చి, కుక్క లైసెన్సు రుసుము కట్టే నెపంతో, “ఇంతకీ లోర్నా, ఆరిన్ మనవాడేగా?” అని గొంతు తగ్గించి అడిగేవారు. అలా అడిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనవాడు అంటే ఎవరివాడని?

ఆరిన్ పని ఆవుల గిట్టలు చెక్కడం. ఆవును ఇనుప చట్రంలో నిలబెట్టి, కాలికి పట్టీ బిగించి పైకెత్తి, వంగి ఆ గిట్టను తన తొడమీద ఆనించుకుని, వంకర కత్తితో పొరలు పొరలుగా తీస్తాడు. కుంటుతున్న ఆవు తుంటి మీద నీలం సుద్దతో గీత పెడతాడు. ఆ సుద్ద మరక అతని కుడి చేతి వేళ్ళకు ఆదివారం చర్చిలో కూడా ఉండేది. మా చుట్టుపక్కల ముప్ఫై పాడి కొట్టాల్లో అతను వంగని కొట్టం లేదు. అతను కింద వంగి ఉంటే, రైతు పైన చట్రానికి మోచేతులు ఆనించి లోకంలోని అన్యాయాలన్నీ చెబుతుంటాడు. పాల ధర, వాన, అల్లుడు, ప్రభుత్వం. ఆరిన్ తల ఎత్తడు. ఎత్తితే ఆవు తన్నుతుంది. మాట మాటకూ “ఊఁ” అంటాడు, అంతే. ఆ ‘ఊఁ’ విన్న రైతు, తన మాట ఒప్పుకునే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడని తృప్తిగా ఇంట్లోకి పోయి కాఫీ తాగుతాడు. మర్నాడు ఇంకో కొట్టంలో ఇంకో రైతు సరిగ్గా దానికి వ్యతిరేకంగా చెబుతాడు. దానికీ ఊఁ.

ఏటా మార్చిలో ఊరంతా చేరి ఓట్లేసే ఊరి సభకు సభాపతి అయింది కూడా అలాగే. ఇరవై నాలుగేళ్ళ కిందట బడి మూసెయ్యాలా వద్దా అని ఊరు రెండుగా చీలి, పాత సభాపతి కోపమొచ్చి సభను అదుపు చేసే చెక్క సుత్తి బల్లమీద పడేసి వెళ్ళిపోయాడు. ఎవరితోనూ తగాదా లేనివాడు ఊరంతా వెతికినా ఒక్క ఆరినే కనిపించాడు. అతని పేరు ప్రతిపాదించింది రాయిస్ టాట్రో. “చేస్తావురా?” అని హాలు ఈ చివర నుంచి అరిచాడు. “ఊఁ,” అన్నాడు ఆరిన్. అది ఒప్పుకోవడమో, ప్రశ్న విన్నానని చెప్పడమో ఈనాటికీ నాకు తెలియదు. ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ, సభ మొదటి అంశం సభాపతి ఎన్నిక రాగానే, రాయిస్ లేచి అదే మాట అనేవాడు, ఊరంతా చెయ్యెత్తేది.

చెడ్డ సభాపతి అని మాత్రం ఎవరూ అనలేరు. నియమాల పుస్తకాన్ని కంఠతా పట్టాడు. ఆ పుస్తకానికి పేడ వాసన వచ్చేది. ఒకసారి తన భార్య అయోనీ మాట్లాడే గడువు దాటితే సుత్తి కొట్టి కూర్చోబెట్టాడు. ఆ సంగతి ఊరు పదేళ్ళు చెప్పుకుని మురిసింది. అయోనీ మురిసిందో లేదో ఎవరూ అడగలేదు.

రాయిస్ గురించి చెప్పాలి. ఆరిన్ పదకొండో ఏట అతని తండ్రి అడవిలో చెట్టు మీదపడి చనిపోయాడు. ఆ మార్చిలో రాయిస్ తండ్రి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆరిన్‌ని ట్రక్కు ఎక్కించుకుని తన పాకకు తీసుకెళ్ళి, మేపుల్ చెట్ల తీపి రసాన్ని పాకంగా కాచే బాన ముందు రాయిస్ పక్కన నిలబెట్టాడు. అప్పటి నుంచీ యాభై ఆరు మార్చిలు ఆ ఇద్దరూ కలిసి కాచారు. ఆరిన్‌కి మూడు వందల చెట్లున్నాయి కానీ బాన లేదు. కొనుక్కోలేక కాదు. రెండో బాన ఉంటే రెండో పాక ఉండాలి, అందులో ఒంటరిగా నిలబడాలి.

ఇక ఆ ఏడు సంగతి. అధ్యక్షుడి మీద అభిశంసన పెట్టాలని దేశమంతా ఒక సగం, పెట్టకూడదని ఇంకో సగం గొంతులు చించుకుంటున్న రోజులు. మా ఊళ్ళో ఆ గొడవ అప్పటిదాకా టీవీల్లోనే జరిగింది. జనవరిలో అయోనీ పెల్కీ ఒక అట్ట, ఒక పెన్ను పట్టుకుని మంచులో ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగు చేసింది. సరిపడా సంతకాలు ఉంటే ఏ విషయాన్నయినా ఊరి సభ ముందు పెట్టి తీరాలి. అలా అది పద్నాలుగో అంశం అయింది. ‘అధ్యక్షుడి మీద అభిశంసన మొదలుపెట్టమని ఈ ఊరు మన ప్రతినిధులను కోరాలా?’ అచ్చు వేయించి గోడకు అంటించింది నేనే. దానికి పైన పదమూడో అంశం, రోడ్డు చదును చేసే యంత్రం. కింద పదిహేనో అంశం, శ్మశానం కంచె.

ఆ వారమే ఆరిన్ రాయిస్ కొట్టంలో గిట్టలు చెక్కడానికి వెళ్ళాడు. అక్కడ జరిగిన మాటలు తర్వాత ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఒక్క మాట తేడా లేదు.

“ఒరేయ్, మీ ఆవిడ పిచ్చి కాగితం పట్టుకుని తిరుగుతోందంట,” అన్నాడు రాయిస్. “అధ్యక్షుణ్ణి హార్లో దింపుతుందంట! మన వంతెన దగ్గర గుంత పూడ్చడానికి మనకి మూడేళ్ళు పట్టింది.”

“ఊఁ.”

“కోట్లమంది ఓటేసి కూర్చోబెట్టినోణ్ణి, మనం నూటపాతిక మందిమి బురద బూట్లతో వచ్చి దింపేస్తామా? నచ్చకపోతే ఎన్నికలున్నాయి కదా. అప్పుడు దింపుకోండి.”

“ఊఁ.”

“నేను లేచి దీన్ని పక్కన పెడదాం అంటాను. అది రూలే కదా? నువ్వు సాఫీగా నడిపించు చాలు. అలాక్కాకుండా ఆ కాగితం నీ సుత్తి కింద ఓటుకొచ్చిందనుకో, ఈ ఏడు నీ రసం నువ్వే ఎక్కడన్నా కాచుకో.”

ఈసారి ఊఁ రాలేదట. గిట్ట వదిలేసి ఆరిన్ నిటారుగా నిలబడ్డాడట. ఆవు తన్నింది కూడానట.

ఇంటికెళ్తే అయోనీ చారులో రొట్టె ముంచుకుంటూ ఇంకోటి చెప్పింది. “ప్రమాణం చేసి కూర్చున్నవాడు ప్రమాణం తప్పితే అడగడానికి మళ్ళీ ఎన్నికలదాకా ఆగాలా? నువ్వు పనికి పెట్టుకున్నవాడు ఆవు కాలు నరికేస్తే, ఏడాది పూర్తవనీ అని ఊరుకుంటావా?”

“ఊఁ.”

“నాకు తెలుసు నువ్వు ఊరుకోవని. రాయిస్ ఏదో పన్నాగం పన్నుతున్నాడు. నేను నిన్నేమీ అడగను. కానీ నిన్నే చూస్తూ ఉంటాను, గుర్తుపెట్టుకో.”

సభకు ముందురోజు మధ్యాహ్నం ఆరిన్ నా ఆఫీసుకొచ్చాడు. పొయ్యి దగ్గర నిలబడి చేతులు కాచుకున్నాడు. వాటికి ఆ అవసరం ఉన్నట్టు కనబడలేదు.

“లోర్నా, రెండువైపులా సమానంగా ఓట్లొస్తే ఏంటి రూలు?”

“నీకు తెలీదా? నువ్వు ఓటేసి తేల్చొచ్చు.”

“వెయ్యకపోతే?”

“ప్రతిపాదన వీగిపోతుంది.”

“అంటే వెయ్యకపోయినా వేసినట్టే.”

“ఇరవై నాలుగేళ్ళలో ఎప్పుడొచ్చింది గనకయ్యా, రేపు రావడానికి!” అని నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. అతను నవ్వలేదు. పోతూ పోతూ తలుపు రెండుసార్లు వేశాడు.

మంగళవారం బురద మోకాలిదాకా ఉంది. అయినా హాలు నిండింది. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వంటగదిలోంచి పంది మాంసం, బీన్స్ వాసన పొద్దున తొమ్మిదికే మొదలైంది. సభాపతి ఎన్నిక ఎప్పట్లాగే అయింది. రాయిస్ లేచాడు, అదే మాట అన్నాడు, కానీ ‘చేస్తావురా’ అన్నప్పుడు ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. రోడ్డు యంత్రం మీద గంటన్నర కొట్టుకున్నారు. పద్నాలుగో అంశం వచ్చేసరికి పన్నెండు కావస్తోంది.

ఆరిన్ ఆ వాక్యం చదువుతుంటే రాయిస్ పూర్తి చెయ్యనివ్వలేదు. “సభాపతి గారూ, ఈ అంశాన్ని పక్కన పెట్టాలని ప్రతిపాదిస్తున్నా.”

బలపరిచేవాళ్ళు పదిమంది ఒక్కసారే అరిచారు.

ఆరిన్ గొంతు సవరించుకున్నాడు. “వినండి. ఇది అధ్యక్షుడి మీద ఓటు కాదు. ఈ అంశాన్ని మాట్లాడకుండా వదిలెయ్యాలా అన్నదాని మీద ఓటు. వదిలెయ్యాలంటే అవునని. వదలకూడదంటే కాదని.”

రెండో వరుసలో వెర్నన్ అనే ముసలాయన లేచాడు. ఆయన వినికిడి యంత్రం కూస్తోంది. “ఆయన్ని దింపాలంటే నేనేమనాలి?”

“దింపడం మీద కాదు వెర్నన్, పక్కన పెట్టడం మీద.”

“అదే. దింపాలంటే ఏమనాలి?”

“కాదనాలి. అంటే... అలా కాదు. పక్కన పెట్టడాన్ని కాదనాలి.”

“ఇప్పుడు నువ్వే రెండుసార్లు కాదన్నావు. నేనెన్నిసార్లు అనాలి?”

హాలు గొల్లున నవ్వింది. ఆ నవ్వే ఆ రోజుకి ఆఖరిది. తర్వాత ఒకరు లేచి ప్రతిపాదనకు సవరణ అన్నారు. ఇంకొకరు సవరణకు సవరణ అన్నారు. మూడో ఆయన, చర్చ చాలు ఓటు పెట్టండి అన్నాడు. ఓటు పెట్టాలా వద్దా అన్నదాని మీద ముందు ఓటు పెట్టాలని ఆరిన్ వివరించాడు. దాని మీద చేతులెత్తారు. ఆ చేతుల్లో సగం ఏ ఓటుకు ఎత్తామో తెలియక అలాగే గాలిలో ఉండిపోయాయి. అయోనీ మాట్లాడటానికి నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లూ ‘ఇప్పుడు మాట్లాడ్డం వీల్లేదు’ అనిపించుకుని కూర్చుంది. వంటగది తలుపు తెరుచుకుని ఒక ముఖం బయటికొచ్చి, “మాంసం ఎండిపోతోంది!” అని అరిచి లోపలికి పోయింది.

నోటి ఓటులో రెండువైపులా ఒకేలా గర్జించారు. ఏడుగురు లేచి చీటీలు కావాలన్నారు. ఏడుగురు అడిగితే ఇవ్వాలి. నేను కాగితాలు చింపి పంచాను. ఆరిన్ తన చీటీ తీసుకోలేదు. సభ నడిపేటప్పుడు ఓటు వెయ్యకపోవడం అతని అలవాటు.

కోట్లు తగిలించే గదిలో నేనూ, ఇంకో ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టాం. నా జీవితంలో అంత అయోమయాన్ని ఒకే డబ్బాలో ఎప్పుడూ చూడలేదు. ‘అవును, దింపండి’ అని ఒకరు. ‘కాదు, ఆయన జోలికి పోవద్దు’ అని ఇంకొకరు. ఇద్దరూ తాము అనుకున్నదానికి సరిగ్గా ఎదురు ఓటేశారు. ఒకరు ‘అవును’ రాసి కొట్టేసి, ‘కాదు’ రాసి కొట్టేసి, ‘ఏది సరైందో అది’ అని రాశారు. ఒక చీటీలో ‘భోజనం’ అని మాత్రమే ఉంది. తొమ్మిది చీటీలు పక్కన పడేశాం. మిగతావి మూడుసార్లు లెక్కపెట్టాం. ‘అవును’ యాభై ఏడు. ‘కాదు’ యాభై ఏడు.

ఆ కాగితం తీసుకెళ్ళి ఆరిన్ ముందు పెట్టాను. అతను చదివి, ముందురోజు నేను నవ్విన నవ్వు గుర్తొచ్చినట్టు నా ముఖంలోకి చూశాడు.

“అవును, యాభై ఏడు. కాదు, యాభై ఏడు,” అన్నాడు.

హాలు కేసి చూశాక నాకొకటి తెలిసింది. రెండువైపులవాళ్ళూ చిరునవ్వుతోనే ఉన్నారు. గెలిచామనుకుంటున్నారు. ఇరవై నాలుగేళ్ళు ‘మనవాడే’ అనుకున్నది ఈ క్షణం కోసమే అన్నట్టు ఇద్దరూ అతని నోటికేసి చూస్తున్నారు. కుడివైపు మూడో వరుసలో రాయిస్ చేతులు కట్టుకుని నిబ్బరంగా ఉన్నాడు. ఎడమవైపు అయోనీ అట్టను గుండెకు హత్తుకుని కూర్చుంది.

ఆరిన్ సుత్తి ఎత్తి, మళ్ళీ మెల్లగా దించాడు.

“నేను ఓటెయ్యలేను.”

“వెయ్యలేకపోవడమేంట్రా?” అన్నాడు రాయిస్, సభాపతి గారూ అనడం మర్చిపోయి.

“నాకు తెలీదు.”

“ఏం తెలీదు? రూలా?” అంది అయోనీ.

“రూలు తెలుసు. ఆయన్ని దింపాలో వద్దో తెలీదు.” అతని ముఖం ఎర్రబడింది. “ఇంట్లో నువ్వు చెప్తుంటే నువ్వు చెప్పిందే నిజమనిపిస్తుంది. కొట్టంలో రాయిస్ చెప్తుంటే వాడిదే నిజమనిపిస్తుంది. ఇద్దరూ లేనప్పుడు ఆలోచిద్దామని ట్రక్కులో కూర్చుంటే ఏదీ అనిపించదు. నేను మనసులో మాట దాచుకుంటున్నానని మీరందరూ అనుకుంటున్నారు. దాచుకోడానికి అక్కడేం లేదు. ఇన్నాళ్ళూ చెప్పడానికి సిగ్గేసింది.”

అయోనీ నెమ్మదిగా అంది, “నలభై ఒక్క ఏళ్ళు నువ్వు నాతోనే ఉన్నావనుకున్నా.”

“నేనూ అదే అనుకున్నా,” అన్నాడు రాయిస్.

ఆ రోజంతటిలో ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడే.

“నేను ఓటు వెయ్యలేదు కాబట్టి పక్కన పెట్టే ప్రతిపాదన వీగిపోయింది,” అన్నాడు ఆరిన్. “పద్నాలుగో అంశం సభ ముందుంది. దాన్ని నేను నడపను. లోర్నా, ఇలా రా.” సుత్తి నా చేతిలో పెట్టి, మెట్లు దిగి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నడవా మధ్యలో ఆగిపోయాడు. రాయిస్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

“చెప్పినట్టే! నీ రసం నువ్వే కాచుకో!”

రసం ఏంటో ఎవరికీ అర్థం కాలేదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు. ఆరిన్‌కి అర్థమైంది. దెబ్బ తగిలినవాడిలా ఒక అడుగు వెనక్కి వేశాడు.

భోజనాలకు లేచాం. ఎప్పుడూ ఖాళీ దొరికిన చోట కూర్చునేవాళ్ళం. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే కుడివైపు బల్లలు వాళ్ళవి, ఎడమవైపు బల్లలు వీళ్ళవి అయ్యాయి. ఆరిన్ పళ్ళెం పట్టుకుని, చోటు లేక కాదు, పిలిచేవాళ్ళు లేక, పొయ్యి పక్కన నిలబడి తిన్నాడు. నలభై ఏళ్ళు అతని చేత గిట్టలు చెక్కించుకున్నవాళ్ళు, అతని పెళ్ళికి నాట్యం చేసినవాళ్ళు, తమ పళ్ళేల్లోకి చూసుకుంటూ నములుతున్నారు. నా పళ్ళెం తీసుకెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

“బీన్స్ బాగున్నాయి,” అన్నాడు.

“హమ్మయ్య. ఒక్కదాని మీదన్నా అభిప్రాయం ఉంది నీకు.”

నవ్వబోయి, నవ్వలేక, రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం సభ నేను నడిపాను. చర్చ మూడు దాటింది. ఆవులకు అభిశంసన తెలియదు. పాలు పితికే వేళయ్యేసరికి రైతులు ఒక్కొక్కరూ టోపీలు పెట్టుకుని వెళ్ళిపోయారు, రాయిస్‌తో సహా. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది అతనివైపువాళ్ళే. నాలుగు ఓట్ల తేడాతో పద్నాలుగో అంశం నెగ్గింది. ఒక్క చీటీ మాత్రం ఖాళీగా వచ్చింది. దాని మూల నీలం సుద్ద మరక, బొటనవేలంత. దాన్ని పక్కన పెట్టాను. నెగ్గిన సంగతి మా ప్రతినిధులకు ఉత్తరం రాశాను. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని రెండు నెలల తర్వాత అచ్చు కార్డు ఒకటి వచ్చింది. ఏ అభిప్రాయమో అందులో లేదు.

మర్నాడు అయోనీ నా ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడింది. గెలిచినదాని ముఖంలా లేదు. సభ నుంచి తానొక్కతే కారులో వెళ్ళిపోయిందట. ఆరిన్ మూడు మైళ్ళు బురదలో నడిచొచ్చాడట.

“ఏమడిగానో తెలుసా లోర్నా? మన పెళ్ళినాడు పాస్టరు అడిగినప్పుడు కూడా ఇలాగే ఊఁ అన్నావా, అని అడిగా.”

“ఏమన్నాడు?”

“బూట్లు విప్పుకుంటున్నాడు. విప్పడం ఆపాడు. ‘అదొక్కటి తెలిసే అన్నాను,’ అన్నాడు.” అయోనీ ముక్కు తుడుచుకుంది. “అది విన్నాక కోపం ఎటు పోయిందో తెలీదు. కానీ పూర్తిగా పోలేదు. నేను పిచ్చిదాన్నా లోర్నా? మనిషి నాతో ఒప్పుకున్నాడా లేదా అని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తిరిగి అడగలేదు.”

నేనూ అడగలేదు మరి.

గురువారం ఎండ కాసింది. కొండంతా మేపుల్ చెట్లు ఒక్కసారిగా రసం కార్చడం మొదలుపెట్టాయి. శుక్రవారం మధ్యాహ్నం సభ మినిట్స్ పుస్తకం పట్టుకుని ఆరిన్ సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళాను. సభాపతి సంతకం లేకుండా అది చెల్లదు. పగ్గాలు నేను పట్టిన భాగం ఉన్నా, సభాపతి అతనే.

“రాయిస్ దగ్గరికి పోయాడు,” అంది అయోనీ గుమ్మంలోంచి. “తొట్టి నిండా రసం. పోవాలో వద్దో తెలీక రెండుసార్లు రోడ్డుదాకా వెళ్ళి ట్రక్కు తిప్పుకొచ్చాడు. మూడోసారి నేనే పొమ్మన్నా.”

రాయిస్ పాక పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి కొండ మీదికి పోతోంది. ఆరిన్ ట్రక్కు వాకిట్లో ఉంది. వెనక తొట్టిలో రసం తొణుకుతోంది. ఆరిన్ గుమ్మానికి ఇవతల, రాయిస్ అవతల. రాయిస్ చేతిలో నురుగు తీసే గరిటె ఉంది. నేను వచ్చానని ఇద్దరూ చూశారు, చూడనట్టే ఉన్నారు.

“ఎందుకొచ్చావ్?”

“రేపటికి రసం పులిసిపోద్ది.”

“మీ ఆవిడ గెలిచింది కదా. వాషింగ్టన్ పంపించు. అక్కడ కాచి ఇస్తారు.”

ఆరిన్ బూట్ల బురద గడపకు రాసుకున్నాడు.

“ఏం, ఊఁ అనవా?”

“అనను.”

“ఏం?”

“ఒప్పుకోవట్లేదు కాబట్టి. వాషింగ్టన్ చేరేలోపే పులుస్తుంది.”

రాయిస్ మూతి కొద్దిగా కదిలింది. ఏమనేవాడో కానీ, వెనక బానలో పాకం బుసబుసమని పొంగింది. పొంగిందంటే నిమిషంలో అంచు దాటి మంటలో పడి అంతా మాడిపోతుంది. రాయిస్ గరిటెతో అటు పరిగెత్తాడు. ఆరిన్ ఎవరినీ అడగలేదు. తలుపు పక్క అరలో ఎప్పుడూ ఉండే గిన్నెలోంచి వెన్న చిటికెడు తీసి బానలో వేశాడు. నురుగు అణిగిపోయింది. ఆ తర్వాత అతన్ని బయటికి పొమ్మనడం రాయిస్‌కి చేతకాలేదు. నేనూ లోపలికెళ్ళి కట్టెల మీద కూర్చున్నాను.

కాసేపటికి రాయిస్ మొదలుపెట్టాడు. “నా మాట ఒక్కటే. కోట్లమంది ఓటేసినోణ్ణి అభిశంసన పేరుతో దింపెయ్యడం...”

“ఆగు,” అన్నాడు ఆరిన్. యాభై ఆరేళ్ళలో ఆ పాకలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి అయి ఉంటుంది. “అది నాకర్థం కాలేదు. అభిశంసనంటే దింపెయ్యడమేనా? విచారణ పెట్టడమా?”

“దింపెయ్యడమే.” రాయిస్ గరిటె ఆపాడు. “కాదనుకుంటా. ఏమో. లోర్నా?”

“ముందు దిగువ సభ నేరం మోపాలి. తర్వాత ఎగువ సభ విచారించి తేల్చాలి. అక్కడ నెగ్గితేనే దిగడం,” అన్నాను. “నన్ను అలా చూడకు. ఉత్తరం రాసేటప్పుడు పుస్తకం తీస్తేనే నాకూ తెలిసింది.”

“మరి మంగళవారం అందరం దింపాలా వద్దా అని కదా కొట్టుకున్నాం?” అన్నాడు రాయిస్.

“అవును.”

“అయోనీ కూడా దింపాలనే కదా అంది?”

“అంది.”

రాయిస్ బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. “అయితే నేను దేన్ని వద్దన్నాను?”

మంట చిటపటమంది. ఆరిన్ నా దగ్గర పుస్తకం తీసుకుని, కిటికీ వెలుగులో పెట్టి, ప్రతి అక్షరం మీదా వేలు నడుపుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. ‘సమానమైన ఓట్లు రాగా, సభాపతి ఓటు వెయ్యలేదు.’

“ఇక్కడొక మాట పోయింది. సభాపతి తెలియక ఓటు వెయ్యలేదు. తెలియక అని రాయి.”

“అక్కర్లేదు ఆరిన్. కారణం రాయాలని రూలు లేదు.”

“సభలో చెప్పాను కదా. జరిగింది రాయాలి.”

“ఒరేయ్,” అన్నాడు రాయిస్, గొంతులో కోపం లేకుండా, “ఆ పుస్తకం ఇనప బీరువాలో ఉంటుంది. ఊరు కాలిపోయినా అది కాలదు. నీ మునిమనవలు కూడా చదువుకుంటారు.”

“చదవనీ.”

నేను ఆ మాట చేర్చి, పక్కన నా పొడి అక్షరాలు పెట్టాను. కింద అతను సంతకం చేశాడు. నీలం సుద్ద కాస్త అంటుకుంది. పుస్తకం మూస్తుంటే రాయిస్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“వాడొక్కడి పేరు పక్కనే ఆ మాట ఉంటే బాగోదు. నాదీ రాయి. ప్రతిపాదించినవాడు తెలియక ప్రతిపాదించాడు అని.”

నాకూ రాయాలనే అనిపించింది. అయినా ఇరవై ఆరేళ్ళ గుమస్తాని.

“రాయలేను రాయిస్. సభలో జరిగిందే రాయాలి. సభలో నువ్వు తెలుసనే మాట్లాడావు.”

రాయిస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆరిన్ కేసి చూశాడు. ఆరిన్ గరిటె అందుకుని నురుగు తీస్తున్నాడు. రాయిస్ ఒక కట్టె మంటలోకి తోసి, “ఊఁ,” అన్నాడు.